లైన్ తెగలేదు

అతని అసలు పేరుతో ఇంట్లోవాళ్ళకు తప్ప ఎవరికీ పనిలేదు. ప్రాజెక్టులో అందరికీ అతను నిదానం. చేరినప్పుడు ఏదో ఒక మారుపేరు పెట్టుకోమన్నారు. బడిలో పిల్లలు తగిలించిన 'నత్తి' కంటే నయమని, 'నిదానమే ప్రధానం' అన్న సామెతలోంచి సగం తుంచుకుని పెట్టుకున్నాడు.

ఆ ప్రాజెక్టు మాటలు వినే ఒక పెట్టె. అలారం పెట్టమంటే పెడుతుంది, ఫలానావాళ్ళకి ఫోన్ కలపమంటే కలుపుతుంది. అలాంటివి బజారులో చాలా దొరుకుతాయి గాని, ఇది ఏ కంపెనీ సొత్తూ కాదు. దాని కోడ్ నలుగురికీ తెరిచే ఉంటుంది. ఎవరైనా తీసుకోవచ్చు, బాగుచెయ్యొచ్చు. ఇంట్లో మాట గడప దాటదు. అది చేసే ఒక్కో పనినీ 'స్కిల్' అంటారు. అలారం ఒక స్కిల్, ఫోన్ ఒక స్కిల్. ఎక్కడెక్కడివాళ్ళో రాసి పంపుతుంటారు. ఏ మాట ఏ స్కిల్‌కి వెళ్ళాలో తేల్చడం, రెండు స్కిల్స్ ఒకే మాట కోసం జుట్లు పట్టుకుంటే విడదీయడం, కొత్తవి చేరుతుంటే పాతవి పాడవకుండా చూడడం నిదానం పని. పగలు నీటి మీటర్ల కంపెనీకి ఇంటినుంచే ఉద్యోగం చేసి, మిగిలిన పొద్దంతా దీనికే ధారపోసేవాడు.

"లోకంలో సంసారాలన్నీ మీ నెత్తినే ఉన్నాయి, మన కుళాయి మాత్రం కారుతూనే ఉంది" అని దెప్పేది భార్య. ఆమె ఆసుపత్రిలో రక్తపరీక్షల గదిలో పనిచేసేది.

స్కిల్స్ భాగంలో అతను ప్రాణం పెట్టి రాసింది ఒకటుంది. దాన్ని 'ఆగడం' అనేవారు. మాట మధ్యలో మౌనం వస్తే పెట్టె తొందరపడదు. విన్న ముక్కని ముందు స్కిల్స్‌కి చూపించి, ఇంతటితో మీ పని అవుతుందా, ఇంకేమైనా కావాలా అని అడుగుతుంది. 'ఫోన్ కలుపు' దగ్గర మాట ఆగిపోయిందనుకోండి, ఎవరికన్నది ఇంకా రాలేదు కాబట్టి నోరు మూసుకుని కూర్చుంటుంది. పుట్టి బుద్ధెరిగాక నిదానాన్ని వాక్యం చివరిదాకా పోనిచ్చిన మొదటి శ్రోత అదే.

రెండో మనిషికి కూడా అది అలాగే అక్కరకొస్తుందని అతను అనుకోలేదు. ఆ రెండో మనిషి అతని అత్తగారు.

ఆవిడ చేపల మార్కెట్లో వేలం పాడిన మనిషి. ఆవిడ నోరంటే మార్కెట్టంతటికీ హడల్. బుట్ట నేలకి దిగకముందే ధర కట్టి, మాట మీద మాట పేర్చి, కొనేవాడు ఊపిరి పీల్చుకునేలోపు వేలంలో 'మూడోసారి' కూడా అనేసేది. అల్లుడి నత్తి మీద ఆవిడకి జాలి లేదు, చులకనా లేదు. ఎగతాళి మాత్రం దండిగా ఉండేది. "అల్లుడూ, నువ్వా మాట పూర్తిచేసేలోపు నా బుట్టలో చేపలు కుళ్ళిపోతాయి గాని, కాయితమ్మీద రాసివ్వు నాయనా" అని పకపకా నవ్వేది. అతనూ నవ్వేవాడు. జాలిపడి వాక్యం తామే పూర్తిచేసేసేవాళ్ళకంటే ఆవిడే మేలనిపించేది.

ఒక పొద్దున పళ్ళు తోముకుంటూ ఆవిడ కుప్పకూలిపోయింది. పక్షవాతం. కుడిచెయ్యి పడిపోయింది, మాట పడిపోయింది. కూతురింటికి తెచ్చుకున్నారు. మాటలన్నీ బుర్రలో ఉన్నాయి గాని, ఒక్కొక్కటీ నాలిక మీదికి రావడానికి నానా యాతనా పడేవి.

"రోజూ మాట్లాడించండి" అంది మాట నేర్పడానికొచ్చే టీచరమ్మ. "వాడని మాట తుప్పుపడుతుందండీ. వదిలేస్తే ఇప్పుడున్నవి కూడా పోతాయి. పోయినవి మళ్ళీ వస్తాయని నేను మాటివ్వలేను."

మనుషుల ముందు ఆవిడ నోరు విప్పేది కాదు. కూతురు ఆత్రంకొద్దీ "నీళ్ళా? దుప్పటా? తలగడ ఎత్తనా?" అని వరసపెట్టి అడిగితే కళ్ళు మూసుకునేది. పెట్టెతో మాత్రం మాట్లాడేది. "ఫోన్… కలు…పు" అని ఆగేది. పెట్టె కూడా ఆగేది. "చె…ల్లికి." అప్పుడు కలిపేది. మార్కెట్లోనే ఇంకా బుట్ట పెట్టుకున్న చెల్లెలు అవతలినుంచి అరిచి కబుర్లు చెప్పేది. ఇవతల ఈవిడ ఊఁ కొడుతూ వినేది.

"అది… నోరు… మూసుకుని… వింటుంది" అందొకరోజు అల్లుడితో, పెట్టెకేసి గడ్డం చూపిస్తూ. అతనికి ఆ పూట అన్నం సహించలేదు, సంతోషంతో.

అలాంటి సమయంలో తూనీగ ఒక మార్పు పంపాడు.

తూనీగ అన్నదీ మారుపేరే. ప్రాజెక్టులో చేరి ఏడాదైంది. పేరుకు తగ్గట్టే ఒకచోట వాలేవాడు కాదు. పదిమంది చెయ్యలేని పని ఒక్కడే చేసేవాడు, అది ఒప్పుకోవాలి. ఒక పరికరాల కంపెనీ, మాట ముగిసిన మరుక్షణం జవాబొచ్చేట్టయితే తమ పరికరాల్లో ఈ పెట్టె కోడ్‌నే పెడతామంది. తూనీగ ఆగడాన్ని మొత్తంగా పీకేశాడు. మౌనం వచ్చిందా, మాట అయిపోయినట్టే లెక్క.

నిదానం రాశాడు. పక్షవాతం వచ్చినవాళ్ళ గురించి రాశాడు, గొంతుకు ఆపరేషనైనవాళ్ళ గురించి రాశాడు, తన గురించి కూడా మొదటిసారి రాశాడు. 'ఎక్కువమందికి ఇదే సుఖం' అని ఒక్క వాక్యం జవాబొచ్చింది. చివరికి ప్రాజెక్టు మొదలుపెట్టిన పెద్దాయన, ఈ రాతకోతలు తెగేట్టు లేవు, అందరూ మధ్యాహ్నం కాల్‌లోకి రండి, నోటితో తేల్చుకుందాం అన్నాడు. చివరి మాట ఎప్పుడూ ఆయనదే.

"నోటితోనా?" అంది భార్య. "నేను చదివి వినిపించనా మీ బదులు?"

"వ…వద్దు" అన్నాడు అతను. "ఇది నే…నేనే చెప్పాలి."

ఆ మధ్యాహ్నం గది తలుపు వేసుకుని కూర్చున్నాడు. చెప్పవలసింది పొద్దుటినుంచీ మననం చేసుకున్నాడు. తూనీగ గడగడా చెప్పేశాడు. తరవాత పెద్దాయన "నిదానంగారూ, మీరు చెప్పండి" అన్నాడు.

'మా అత్తగారు' అని మొదలుపెడదామనుకున్నాడు. 'మ' పెదవులు మూసి పలికే అక్షరం. మూతపడ్డ పెదవులు మళ్ళీ తెరుచుకోలేదు. మెడనరాలు తాళ్ళలా లేచాయి, కళ్ళలోంచి నీళ్ళొచ్చాయి. లోపల మాట తలుపు మీద తలుపు బాదుతోంది. బయటికి చీమ చిటుక్కుమన్నంత చప్పుడు కూడా లేదు.

"హలో? నిదానంగారూ, వినబడుతోందా?" అన్నాడు పెద్దాయన.

"లైన్ తెగినట్టుందండీ" అంది ఇంకెవరో.

"ఆయన రాసినవన్నీ చదివాంగా" అన్నాడు తూనీగ. "కంపెనీవాళ్ళకి ఇవాళే చెప్పాలి."

పెద్దాయన నిట్టూర్చిన చప్పుడు బాగానే వినిపించింది. "మనం ఉండేదే గుప్పెడుమంది. వాళ్ళు కూడా రాకపోతే దుకాణం కట్టెయ్యాలి. సరే, కానివ్వండి."

కాల్ ముగిసింది. పెదవులు అప్పుడు తెరుచుకున్నాయి. "మా అత్తగారు మాట్లాడేది దీనితో ఒక్కదానితోనేనండీ" అన్నాడు నిదానం, ఒక్క తడబాటు లేకుండా, ఖాళీ తెరకేసి చూస్తూ.

తూనీగ మార్పుతో పెట్టె కొత్త కూర్పు, అంటే కొత్త వెర్షన్, బయటికొచ్చిన రోజు అతను నీటి మీటర్ల పనిలో తలమునకలై ఉన్నాడు. పరీక్షించడానికని ఇంట్లో పెట్టె ఎప్పుడూ అందరికంటే ముందే కొత్త కూర్పు తీసుకునేట్టు తనే పెట్టుకున్నాడు. దాన్ని ఆపాలని ఆ గొడవలో తట్టలేదు. పక్కగదిలోంచి అత్తగారి గొంతు వినిపించింది.

"ఫోన్… కలు…"

"క్షమించండి, అర్థం కాలేదు."

"ఫో…న్…"

"క్షమించండి, అర్థం కాలేదు."

అతను కుర్చీ తన్నుకుని లేచాడు. గుమ్మందాకా వెళ్ళేసరికి ఆవిడ మూడోసారి నోరు తెరిచింది. ఏ అక్షరమూ రాకముందే పెట్టె అదే మాట అంది. మార్కెట్లో ఏ మగాడూ ఆవిడ మాటకి అడ్డంపడి బతికిపోలేదు. ఇప్పుడావిడ పెట్టెకేసి కాదు, గుమ్మంలో నిలబడ్డ అల్లుడికేసి చూసింది. ఆ చూపులో కోపముంటే తట్టుకునేవాడే. తప్పు చేసిన చిన్నపిల్ల చూపది. గోడవైపు తిరిగి పడుకుంది.

గంటలో పాత కూర్పు తిరిగి పెట్టేశాడు. "అత్తయ్యా, బా…బాగుచేశాను, ఒక్కసారి మాట్లాడండి" అని బతిమాలాడు. ఆవిడ పలకలేదు. మర్నాడూ పలకలేదు. ఆ తరవాతా పలకలేదు. టీచరమ్మ వచ్చి బొమ్మలు చూపిస్తే తల తిప్పేసుకుంది.

ఇంకోవైపు మెసేజీలు వచ్చిపడ్డాయి. స్కిల్స్ చూసే మనిషిగా అతని చిరునామాయే అందరికీ తెలుసు. గొంతు ఆపరేషనైన ఒక బస్సు డ్రైవరు, 'ఇదీ నన్ను గదమాయిస్తోందేంటి సార్' అని రాశాడు. నత్తి ఉన్న పిల్ల తల్లి ఒకామె, పెట్టెని అటక మీద పెట్టేశామని, పిల్ల దాన్ని చూస్తేనే ఏడుస్తోందని రాసింది. ఎవరికి ఏం జవాబివ్వాలో తెలియలేదు. పాత కూర్పు ఎలా పెట్టుకోవాలో చెబుతూ పోయాడు. సగంమందికి అది చేతకాలేదు.

"మా అమ్మ నోరు కట్టేశారు మీవాళ్ళంతా కలిసి" అంది భార్య ఒక సాయంత్రం వంటింటి గట్టు తుడుస్తూ. ఆ గుడ్డ అక్కడే పడేసి ఏడ్చింది. "మీరూ ఉన్నారుగా ఆ కాల్‌లో. ఒక్క మాట, ఒక్కటంటే ఒక్క మాట అనలేకపోయారా?"

అనేసి నాలిక కరుచుకుంది. ఆ ప్రశ్న అప్పటికే వెయ్యిసార్లు అతను తనకు తానే వేసుకున్నాడు.

మర్నాడు పనికి సెలవు పెట్టి తూనీగకి ఫోన్ చేశాడు. మొదటిసారి తూనీగ "హలో, హలో" అని పెట్టేశాడు. రెండోసారీ అంతే. అప్పుడు మెసేజ్ రాశాడు: 'మళ్ళీ చేస్తాను. చప్పుడు లేకపోతే లైన్ తెగలేదు, నేనే ఉన్నాను. నేను ముగించేదాకా ఏమీ అనకండి.'

మూడోసారి తూనీగ ఎత్తాడు గాని హలో కూడా అనలేదు.

"మ… … మా అత్తగారు" అన్నాడు నిదానం. ఆ రెండు మాటలకే చొక్కా తడిసిపోయింది. ఆగలేదు. పక్షవాతం గురించి చెప్పాడు, చెల్లెలి ఫోన్ గురించి, గోడవైపు తిరిగిన వీపు గురించి చెప్పాడు. కొన్ని మాటల దగ్గర ఎంతసేపు ఇరుక్కున్నాడంటే, కింద వీధిలో చెత్తబండి వచ్చి, నింపుకుని, వెళ్ళిపోయింది. చివరికి "అం…తే" అన్నాడు.

అవతల మౌనం. ఈసారి లైన్ తెగిందేమోనని భయపడ్డది అతనే.

"నాకిష్టమై చేశాననుకుంటున్నారా?" అన్నాడు తూనీగ. "నేను కోడ్ రాసేది ఎందుకో తెలుసా? ఎక్కడా పని దొరక్క. ఇది మూతపడితే నాకు చూపించుకోడానికి ఇంకేం లేదు. మీ రాతలు చదివానండీ. వాదన అనుకున్నాను. ఇంత… ఇంతసేపు పడుతుందని నాకు తెలీదు."

"ఇ…ప్పుడు తెలిసింది."

"ఇప్పుడు తెలిసింది" అన్నాడు తూనీగ. "పాతదాన్ని ఉన్నదున్నట్టు తేలేను. కంపెనీవాళ్ళు ఊరుకోరు. మాటని కోసేముందు స్కిల్స్‌ని ఒకసారి అడిగే చిన్న సందు పెడతాను. ఆగడాన్ని మీరు ఒక స్కిల్‌గా రాయండి. కావలసినవాళ్ళు పెట్టుకుంటారు. పెద్దాయనకి నేను చెబుతాను. కాని వచ్చే కూర్పులోనే."

"అం…అంతవరకు?"

"ఇవాళే మొదలుపెడతాను" అని తూనీగ ఫోన్ పెట్టేశాడు.

అన్నమాట నిలబెట్టుకున్నాడు. సందు పెట్టాడు, నిదానం స్కిల్ రాశాడు, వచ్చే కూర్పులో అది బయటికొచ్చింది. బస్సు డ్రైవరు పెట్టుకున్నాడు. పిల్ల తల్లి జవాబివ్వలేదు. చాలామంది జవాబివ్వలేదు. వాళ్ళ పెట్టెలు ఏ అటకల మీద ఉన్నాయో, ఏ చెత్తబండిలో పోయాయో ఎవరికి తెలుసు?

అత్తగారు పెట్టెతో మళ్ళీ మాట్లాడలేదు. దాన్ని గదిలోంచి తీసేసినా పట్టించుకోలేదు. టీచరమ్మ పరీక్షలు చేసి, కొన్ని మాటలు పోయాయని, అవి ఇక రావని తేల్చింది. 'చెల్లి' అన్న మాట వాటిలో ఒకటి. చెల్లెలు ఫోన్ చేస్తే వినేది. పిలవడం మాత్రం చేతనయ్యేది కాదు.

నిదానం పొద్దున్నే ఆవిడ మంచం పక్కన కుర్చీ వేసుకుని కూర్చోవడం మొదలుపెట్టాడు. ఆవిడ అడగలేదు, అతను చెప్పలేదు. కూర్చునేవాడు, అంతే. చాలా పొద్దుటిపూటలు ఇద్దరూ ఒక్క మాటా అనుకోకుండానే గడిచిపోయాయి. స్కిల్స్ గురించి మెసేజీలు టింగుటింగుమంటూ వస్తూనే ఉండేవి. వదిలేద్దామనుకునేవాడు, ఎవరూ తీసుకునేవాళ్ళు లేక సాయంత్రానికి మళ్ళీ చూసేవాడు.

ఒకరోజు ఆవిడ అతనికేసి తిరిగి పెదవులు కదిలించింది.

"కి…"

భార్య ఆసుపత్రికి బయల్దేరుతూ గుమ్మంలో ఆగిపోయింది. "కిటికీయా అమ్మా? తియ్యనా?" అనబోయింది. నిదానం చెయ్యెత్తి ఆపాడు. అతనికీ కిటికీ అనే అనిపించింది. గదిలో ఉక్కగా ఉంది మరి. అయినా లేవలేదు.

"కి… కిం…" ఆవిడ నుదుటి మీద చెమట పట్టింది. ఎడమచేత్తో దుప్పటి పిడికిట బిగించింది. అతను ఆవిడ నోటికేసి కాకుండా కళ్ళలోకి చూస్తూ కూర్చున్నాడు.

"కిందకి" అంది ఆవిడ. "తీసు…కెళ్ళు."

ఇంట్లోకి తెచ్చిన రోజునుంచీ ఆవిడ మెట్లు దిగలేదు. భార్య సంచీ కింద పెట్టి తల్లికి ఒకవైపు చెయ్యందించింది, అతను రెండోవైపు పట్టుకున్నాడు. ఒక్కో మెట్టు మీదా ఆగుతూ, ఆవిడ పాదం కుదురుకునేదాకా చూస్తూ, ముగ్గురూ వీధిలోకి దిగడం మొదలుపెట్టారు.