ఇంజన్ బాగానే ఉంది

మంచినీళ్ల గొట్టం ఇంజన్‌కు తగిలించి, మెకానిక్ పక్కనే పీట వేసుకుని కూర్చున్నాడు. రోజూ పొద్దున ఏడింటికి అతను చేసే మొదటి పని ఇదే. సరస్సులో తిరిగిన ఇంజన్ లోపల బురద పేరుకుంటుంది. పది నిమిషాలు శుభ్రమైన నీళ్లు పోనిస్తే గొంతు తేటపడుతుంది. అతను కళ్లు మూసుకుని ఆ తేటపడటాన్ని వింటాడు. చూసేవాళ్లకు కునుకు తీస్తున్నట్టే ఉంటుంది. యాభై ఏడేళ్ల మనిషి, పొట్టి, కుడి చెవి కాస్త ముందుకు వంగి ఉంటుంది. ఇంజన్లకు ఆనించి ఆనించి అలా అయిందని బోట్ క్లబ్బులో అందరూ అంటారు. అది పుట్టుకతో వచ్చిందని అతను ఎవరికీ చెప్పలేదు.

ముప్పై ఏళ్లలో అతని చెయ్యి పడిన ఇంజన్ నీటి మధ్య ఆగిందన్న మాట లేదు. అతని గురించి చెప్పుకోవాలంటే అదొక్కటే. పెళ్లి చేసుకోలేదు. చెల్లెల్ని చదివించి, ఒక ఇంటిదాన్ని చేసి, ఆమె ఉన్న వీధి పక్క వీధిలో ఒక గదిలో ఉంటున్నాడు. రాత్రి భోజనం చెల్లెలింట్లోనే, మేనకోడలి పక్కన. ఆమె భర్త ఇదే క్లబ్బులో స్పీడు బోటు డ్రైవరు. ఇద్దరూ ఒకరినొకరు బావా అనే పిలుచుకుంటారు. క్లబ్బులో ఎవరైనా సరదాకి "బావా" అని కేకేస్తే రెండు తలకాయలు లేస్తాయి.

ఆరేళ్ల కిందట డ్రైవరు తాగి బోటును రేవు మెట్లకు కొట్టాడు. ఎవరికీ దెబ్బ తగల్లేదు గానీ ఉద్యోగం ఊడాల్సిందే. అప్పుడు మెకానిక్ మేనేజరు ముందు నిలబడ్డాడు.

"తాళం నా దగ్గర ఉంచండి సార్. వాసనొచ్చిన రోజు ఇవ్వను."

ఏనాడూ నోరు తెరిచి ఏమీ అడగని మనిషి అడిగేసరికి మేనేజరు కాదనలేకపోయాడు. మొదటి ఏడాదంతా మెకానిక్ రోజూ బావ నోటి దగ్గర ముక్కు పెట్టి చూశాడు. తర్వాత అది ఇద్దరికీ ఆటగా మారింది.

"ఊదు బావా," అన్నాడు ఆ పొద్దున కూడా, ఇంజన్ మూతలోంచి తల ఎత్తకుండానే.

షెడ్డు గుమ్మం దగ్గర నుంచే డ్రైవరు ఉఫ్‌మన్నాడు. లవంగం వాసన గాలిలో తేలి వచ్చింది.

"ఇంకా తగ్గలేదా పంటినొప్పి?"

"నీ చెల్లెలితో కాపురం చేసే పళ్లు బావా. అరిగిపోవూ?"

మెకానిక్ నవ్వాడు. చేతులకు నూనె ఉంది కాబట్టి బోటు తాళం తగిలించిన మేకు వైపు గడ్డంతో చూపించాడు. డ్రైవరే తాళం తీసుకున్నాడు.

"ఎర్రతాడు మణికట్టుకు కట్టుకో."

"కట్టుకుంటాలే."

ఆ తాడు రెండో కొస ఇంజన్ మీటకు ఉంటుంది. మనిషి నీళ్లలో పడితే తాడు మీటను లాగేస్తుంది, ఇంజన్ అక్కడికక్కడే ఆగిపోతుంది. అది చేతికి చుట్టుకోవడం డ్రైవరుకు చిన్నతనం.

మధ్యాహ్నం ఒంటిగంటకు మెకానిక్ షెడ్డులో ప్లగ్గులు తుడుస్తున్నాడు. సరస్సు మీద స్పీడు బోటు వినిపిస్తూనే ఉంది. అది ఐదో ట్రిప్పు. భార్యాభర్తలిద్దరు ఎక్కారు, ఇంకా వేగంగా పోనివ్వమని అడిగారట. వేగం అతనికి కొత్త కాదు. కానీ మలుపు దగ్గర తగ్గాల్సిన శబ్దం తగ్గలేదు. బోటు తను లేపిన అలల మీదికే తిరిగి వస్తున్నట్టు ఒకటి, రెండు దెబ్బలు. ఆ పైన ఇంజన్ కీచుమంది. బోటును తోసే ఫ్యాను నీళ్లు వదిలేసి గాలిలో తిరిగితేనే అలా కీచుమంటుంది. మెకానిక్ ప్లగ్గు కింద పడేసి పరిగెత్తాడు.

డ్రైవరు సీటు ఖాళీగా ఉంది. బోటు తనంతట తాను గుండ్రంగా తిరుగుతోంది. ఆ ఇద్దరూ అడుగున పడి ఒకరినొకరు పట్టుకున్నారు. రెండో చుట్టులో బోటు, నీళ్లలో తేలుతున్న మనిషి మీదుగా వెళ్లింది.

మెకానిక్, క్లబ్బు వాచ్‌మన్ పాత పడవలో వెళ్లారు. దగ్గరికి పోయే వీల్లేదు. మెకానిక్ లంగరు మోకు తీసి బోటు వచ్చే దారిలో పరిచాడు. ఫ్యాను దాన్ని చుట్టుకుని, గుటకలు మింగి, ఆగింది. తన ఇంజన్ నీటి మధ్య ఆగడం అదే మొదటిసారి. ఆపింది తనే.

"రెండో ట్రిప్పుకే తూలుతున్నాడు," అన్నాడు వాచ్‌మన్, డ్రైవర్ని పైకి లాగుతూ. "నీళ్ల సీసాలో కలుపుకుని తెస్తాడుగా. నీకు తెలుసనుకున్నా."

మెకానిక్ బావ తల ఒళ్లో పెట్టుకుని, ఊపిరి ఉందో లేదో వినడానికి నోటి దగ్గర చెవి ఆనించాడు. ఊపిరి ఉంది. దానితో పాటే సారా వాసన. ఐదేళ్లుగా అతను ఆ నోటికి అంత దగ్గరగా వెళ్లలేదు. రేవు చేరేసరికి వినడానికి ఏమీ మిగల్లేదు.

ఆస్పత్రి వరండాలో బెంచీ మీద చెల్లెలు వచ్చి కూర్చుంది. లోపలికి వెళ్లి చూసి వచ్చింది. ఏడుపు ఇంకా రాలేదు. ఆ చివర గదిలో బోటులోని ఆవిడ చేతికి కట్టు కడుతుంటే మూలుగు వినిపిస్తోంది.

"తాగుతున్నాడమ్మా," అన్నాడు మెకానిక్. "నాకు తెలియలేదు."

ఆమె చీర కొంగు వేలికి చుట్టుకుంది. "నాకు తెలుసన్నయ్యా. నాలుగేళ్లయింది. లవంగాలు నేనే పొట్లం కట్టి జేబులో పెట్టేదాన్ని."

అతను ఆమె వైపు తిరిగాడు. నాలుగేళ్లుగా ప్రతి రాత్రీ ఆ చెయ్యే అతనికి అన్నం వడ్డించింది.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే తాళం ఇవ్వవు. ఇంట్లో కూర్చుంటే పొద్దంతా తాగుతాడు. పనిలో ఉంటే కాస్త తక్కువ తాగుతాడని అనుకున్నాను."

ఇన్‌స్పెక్టరు మెట్లెక్కి వస్తున్నాడు. ఆమె గొంతు తగ్గించింది.

"స్టీరింగు పట్టేసిందని ఒక్క మాట చెప్పు. నువ్వు చెబితే ఎవరూ కాదనరు. పిల్లకు రేపు నాన్న తాగి చచ్చాడని చెప్పనా? నీకు ముందూ వెనకా ఎవరున్నారన్నయ్యా, పరువు పోవడానికి?"

ఆ చివరి మాట ఆమె నోట్లోంచి వచ్చాక వెనక్కి పోలేదు. ఆమె కూడా తీసుకోవాలని చూడలేదు.

ఇన్‌స్పెక్టరు కాగితం మోకాలి మీద పెట్టుకున్నాడు. "బోటు చూసేది మీరేనా? స్టీరింగులో ఏమన్నా లోపముందా?"

మెకానిక్ తన చేతుల వైపు చూసుకున్నాడు. గోళ్ల సందుల్లో ముప్పై ఏళ్ల నలుపు. ఆ చివర గదిలో మూలుగు ఆగింది.

"లేదు సార్. స్టీరింగు బాగుంది. ఇంజన్ బాగానే ఉంది."

"మరి?"

"తాగాడు. ఎర్రతాడు కట్టుకోలేదు. తాళం ఇచ్చింది నేను. ఊదమన్నాను గానీ దగ్గరికెళ్లి చూడలేదు. అది కూడా రాసుకోండి."

పక్కన చెల్లెలు కదల్లేదు. అప్పుడే ఆమె ఏడవడం మొదలుపెట్టింది, చప్పుడు లేకుండా, అతనికి వీపు తిప్పి.

సాయంత్రం నాలుగింటికి డ్రైవరు అన్నదమ్ములు వ్యాను తెచ్చారు. శవాన్ని ఎత్తడానికి మెకానిక్ ఒక పక్క చెయ్యి వేయబోయాడు.

"నువ్వు రాకు," అంది చెల్లెలు. అన్నయ్యా అనలేదు. వ్యాను తలుపు లోపలి నుంచి వేసుకుంది.

వ్యాను గేటు దాటి మలుపు తిరిగేదాకా అతను ఆ శబ్దం విన్నాడు. మూడో గేరు సరిగ్గా పడటం లేదు. ఎవరికైనా చెప్పాలనిపించింది. తర్వాత వరండాలోకి తిరిగి వచ్చి, కూర్చోకుండా నిలబడిపోయాడు.

బెంచీ మీద చెల్లెలి గొడుగు ఉంది. ఎండలో పరుగున వచ్చి, ముడవడం కూడా మరిచి అక్కడ పడేసిన నల్లగొడుగు, సగం విచ్చుకునే ఉంది.