డో గారి కుటుంబం

సోమవారం ఉదయం నిలబడి జరుపుకునే పావుగంట మీటింగులో క్రెయిగ్ నాకు అందరిచేతా చప్పట్లు కొట్టించాడు. మా టౌన్ కౌన్సిల్ శ్మశానం రిజిస్టర్లన్నీ కంప్యూటర్లోకి ఎక్కించే పనికి క్రెయిగ్ పెద్ద, నేను వాడి కుడిచెయ్యి. శుక్రవారం మధ్యాహ్నం కొత్త సిస్టం మొదలవుతుంది. అదే పూట పాత పుస్తకాలు అట్టపెట్టెల్లో రెండు జిల్లాల అవతలి గోదాముకి వెళ్లిపోతాయి. ఈలోగా చెత్త వరసలు ఏరి పారెయ్యాలి. నేను రాసిన ఒక్క రూలుతో నూట ఎనభై ఏడు డూప్లికేట్లు దొరికాయి.

"అన్నిటికీ ఇంటిపేరు డి, ఓ, చుక్క. పేరు లేదు. స్థలం మాత్రం ఒకటే, ఉత్తరం గోడ" అన్నాను.

"అబ్బో, డో గారిది పెద్ద సంసారమే! ఇంతమంది ఉండీ మనూళ్లో ఒక్కడూ ఓటేసిన పాపాన పోలేదు" అన్నాడు క్రెయిగ్.

అందరూ నవ్వారు. అందరికన్నా గట్టిగా నవ్వింది నేనే. ఆ నూట ఎనభై ఏడింటికీ 'తొలగించు' అని టిక్కు పెట్టేశాను. శుక్రవారం అవి వాటంతటవే చెరిగిపోతాయి.

మంగళవారం కౌంటరు దగ్గరికి ఎనిడ్ హార్కర్ అనే ఆవిడ వచ్చింది. డెబ్బై ఎనిమిదేళ్లుంటాయి. వాన టోపీ కూడా తియ్యకుండా, మేం పరీక్ష కోసం పెట్టిన వెబ్ పేజీ నుంచి తీసిన కాగితం నా ముందు పరిచింది. 'రికార్డు లేదు' అని ఉంది దానిమీద.

"మీ కంప్యూటరు అబద్ధమాడుతోందా, యాభై ఆరేళ్ల కిందట ఆస్పత్రివాళ్లు నాకు అబద్ధమాడారా? ఏదో ఒకటి తేల్చమ్మాయ్" అంది.

అరవై తొమ్మిది మార్చిలో ఆవిడకి ఆడపిల్ల పుట్టింది, ఊపిరి లేకుండా. నర్సు తువ్వాల్లో చుట్టి తీసుకుపోయింది. 'అంతా కౌన్సిల్ వాళ్లు చూసుకుంటారు, ఇంటికెళ్లి ఇంకొకర్ని కను' అన్నారట. ఇంకొకరు పుట్టలేదు. భర్త లెన్ ఆ సంగతి ఎన్నడూ ఎత్తలేదు. మొన్న ఫిబ్రవరిలో పోతూ పోతూ, తనని బిడ్డ దగ్గరే పెట్టమన్నాడు.

"ఆయన బూడిద బీరువా మీద ఉంది. ఎక్కడికి పట్టుకెళ్లను చెప్పు" అంది ఎనిడ్.

హార్కర్ అని వెతికాను. ఆ నెలంతా వెతికాను. లేదు. "రేపు చూసి చెప్తానండీ" అన్నాను. పని తెలియని ప్రతి గుమస్తా చెప్పే మాటే అది.

ఆ మార్చిలో తెలియనివంటూ ఉంటే నేను టిక్కు పెట్టిన డో వరసలే. వాటి కాగితం పట్టుకుని బుధవారం నేలమాళిగకి దిగాను. అక్కడ విల్ఫ్, ముప్ఫై ఎనిమిదేళ్ల నుంచీ శ్మశానం పుస్తకాలు చూసే ముసలాయన, వాటిని పెట్టెల్లో సర్దుతున్నాడు. పిలిస్తే విసుక్కునే మనిషి.

"మళ్లీ వచ్చావా తల్లీ? నన్ను బతకనిచ్చేలా లేవు."

"విల్ఫ్ గారూ, డో అనే వాళ్లు మన ఊళ్లో ఎప్పుడైనా ఉండేవారా?"

"డో ఏమిటి? ఏదీ, చూపించు." నా చేతిలోని కాగితం లాక్కుని చూశాడు. ముందు పకపకా నవ్వాడు. తర్వాత అలా చూస్తూ చూస్తూ నవ్వు ఆపేశాడు. "ఇది ఇంటిపేరు కాదమ్మాయ్. మా కాలంలో డిటోని అలా రాసేవాళ్లం. డి, ఓ, చుక్క. పైన ఏముందో ఇక్కడా అదే అని."

"మరి పైన ఏముంది?"

ఆయన సర్దిన పెట్టె విప్పి, పెద్ద పుస్తకం తీసి, పేజీ తిప్పి వేలు పెట్టాడు. పేజీ పైన నల్లసిరాతో 'చనిపోయి పుట్టిన శిశువు' అని ఉంది. దాని కింద అట్టడుగు దాకా డిటో, డిటో, డిటో. ఆ పేజీ తర్వాత ఇంకో పేజీ, ఇంకో పేజీ.

అక్కడే ఒక పెట్టె మీద కూర్చున్నాను.

"వాళ్లకి పేర్లు రాయకూడదని అప్పటి ఆఫీసు రూలు" అన్నాడు విల్ఫ్. "సిరాతో రాసింది ఆఫీసు. ఇదిగో, ఇటు చూడు, ఈ చివరి గడి. ఈ పెన్సిలు ఆల్బీది. గోతులు తవ్వేవాడు. ఆస్పత్రి పెట్టె మీది చీటీ చూసి, సాయంత్రం ఇక్కడికొచ్చి, ఎవరూ లేకుండా చూసి రాసేవాడు."

ఆ చివరి గడి ఎక్కించక్కర్లేదని చెప్పింది నేనే. గీతల్లా ఉన్నాయి, టైము దండగ అన్నాను.

మార్చి తొమ్మిది. డిటో. పెన్సిల్‌తో, చిన్నపిల్లల చేతిరాతలా: హార్కర్. 14, 3.

"అడుగులు" అన్నాడు విల్ఫ్. "గేటు స్తంభం నుంచి పద్నాలుగు, గోడ నుంచి మూడు."

నేను పై వరస చూశాను. 14, 1. కింది వరస, 15, 2. మొత్తం నూట ఎనభై ఏడూ చదివాను. ఏ రెండింటికీ అంకెలు కలవలేదు. నా రూలు అన్నీ ఒకటేనంది. ఒక్కో బిడ్డని ఒక్కో చోట పెట్టి, మళ్లీ ఎవరైనా వెతుక్కుంటూ వస్తారని ఇరవై రెండేళ్లు అడుగులు లెక్కపెట్టిన మనిషి ఉన్నాడు, ఇదే ఆఫీసులో. అలాంటి పని నేను జన్మలో చెయ్యలేదు, చేసినవాణ్ణి చూడనూ లేదు.

గురువారం ఇద్దరం శ్మశానానికి వెళ్లాం. పద్నాలుగు వెయ్యబోతే విల్ఫ్ ఆపాడు.

"ఎవరి అడుగు? ఆల్బీ పొట్టివాడు. నువ్వేమో ఒంటెలా ఉన్నావు."

పుస్తకం మొదట్లోనే ఆల్బీ పెన్సిల్‌తో కొలత రాసి పెట్టాడు: గేటు నుంచి డాక్టర్ సమాధి రాయికి 40. నాకు ముప్ఫై ఆరే వచ్చాయి. వెనక్కొచ్చి, కురచగా వేస్తూ మళ్లీ నడిచాను. ముప్ఫై ఎనిమిది. మళ్లీ. వానలో తొమ్మిదిసార్లు నడిస్తే సరిగ్గా నలభై వచ్చింది. ఎప్పుడో చచ్చిపోయిన మనిషి నడక నా కాళ్లకి పట్టుబడింది. అప్పుడు గేటు దగ్గరికొచ్చి గోడ వెంట తిరిగాను. పద్నాలుగు, మూడు. గడ్డి, అంతే. విల్ఫ్ టోపీ తీశాడు.

శుక్రవారం పొద్దున్నే క్రెయిగ్ మీద విరుచుకుపడ్డాను. "సిస్టం ఆపు. పుస్తకాల వ్యాను వెనక్కి పంపు."

"నీకేమైనా మతిపోయిందా? మధ్యాహ్నం ప్రారంభానికి మేయరు వస్తోంది!"

పుస్తకం వాడి కీబోర్డు మీదే పెట్టాను. "డో గారి కుటుంబం. చదువు."

చదివాడు. నాలుగో పేజీకి వచ్చేసరికి వాడి మెడ ఎర్రబడింది. ఫోను తీసి, వ్యాను వద్దని తనే చెప్పాడు. నేను నూట ఎనభై ఏడు టిక్కులూ తీసేశాను.

మధ్యాహ్నం ఎనిడ్‌ని గేటు దగ్గర కలిశాను. పక్కపక్కనే నడుస్తూ ఆల్బీ అడుగులు పైకి లెక్కపెట్టాను. పద్నాలుగు దగ్గర ఆగి, "ఇటు మూడు" అన్నాను. ఆ మూడూ ఆవిడ ఒక్కతే వేసింది. వంగి గడ్డి మీద చెయ్యి ఆనించి, "నువ్వేమైనా రాసుకోవాలా?" అని అడిగింది.

నా చేతిలో ట్యాబ్ ఉంది. ఇంటిపేరు నింపాను. పేరు గడి పక్కన ఎర్ర నక్షత్రం వెలుగుతోంది.

"పేరు లేకపోతే ఇది ఒప్పుకోదండీ. ఏదో ఒకటి..." అన్నాను. అన్నందుకు నాకే సిగ్గేసింది.

"ఏదో ఒకటేమిటి? రోవెనా" అందావిడ. "ఆస్పత్రికి బస్సులో వెళ్తూ ఇద్దరం కలిసి పెట్టుకున్నాం. ఆ తర్వాత ఆయన నోట ఎప్పుడూ వినలేదు. మర్చిపోయాడనే అనుకున్నా. ఫిబ్రవరిలో ఆయన 'బిడ్డ దగ్గర పెట్టు' అనలేదమ్మాయ్. 'రోవెనా దగ్గర పెట్టు' అన్నాడు."

టైపు చేశాను. నక్షత్రం ఆరిపోయింది. ఇంకా నూట ఎనభై ఆరు వెలుగుతూనే ఉన్నాయి.