సత్తెమ్మ సమాధి రాయి

రాజోలు కాలవ గట్టున ఉన్న దొరసాని గారి అనాథాశ్రమంలో నలభై ఇద్దరు ఆడపిల్లలు ఉండేవారు. వాళ్ళలో అచ్చంగా అనాథలు పదకొండు మంది. మిగతా ముప్ఫై ఒక్కరినీ అనాథల్ని చేసింది సాలమోను మేష్టారి కలం.

సముద్రాల అవతల ఉన్న సంఘం వారు తల్లీ తండ్రీ ఇద్దరూ పోయిన పిల్లకే సాయం పంపుతారు. ఒకరు మిగిలి ఉంటే పంపరు. సగం దిక్కులేనితనం వాళ్ళ లెక్కలోకి రాదు. అందుకని మేష్టారు కొత్త పిల్లని చేర్చుకునేటప్పుడు రిజిస్టరులో 'తల్లి' అన్న గడి దగ్గర కాసేపు ఆగి, కళ్ళజోడు సర్దుకుని, ముఖమంతా దయ నింపుకుని, 'లేదు' అని రాసేసేవారు. అలా పోయిన తల్లులు వారం వారం పిల్లల్ని చూసుకోడానికి వచ్చేవారు. గేటు దగ్గర వాళ్ళందరి పేరూ పిన్ని.

దానమ్మ తండ్రి కొబ్బరి దింపులు తీసేవాడు. చెట్టు మీంచి పడి పోయాడు. ఆ పోవడం నిజమైనదే. తల్లి సత్తెమ్మ ఈనుపుల్లలు చీరి చీపుర్లు కట్టి అమ్ముకునేది. మూడేళ్ళ కిందట, పదకొండేళ్ళ దానమ్మని మేష్టారి ముందు నిలబెట్టినప్పుడు, ఆయన తల్లి ఎదుటే తల్లి గడి పూర్తిచేశారు.

"ఇకనించి ఈవిడ మీ పిన్ని. ఏదీ, ఒకసారి అను."

దానమ్మ తల్లి వంక చూసింది. సత్తెమ్మ తల ఊపింది.

"పిన్ని," అంది దానమ్మ.

"అంతేనే. చదువబ్బుతుంది నీకు," అన్నారు మేష్టారు.

మొదటి ఏడాది ఆ మాట గొంతులో అడ్డంపడేది. మూడో ఏటికి అడ్డంపడటం మానేసింది. ఒక శనివారం, దగ్గర్లో ఎవరూ లేనప్పుడు కూడా, దానమ్మ నోట్లోంచి "పిన్నీ, కూర్చో" అని వచ్చేసింది. సత్తెమ్మ కూర్చుంది. తెచ్చిన జామకాయ కొంగుతో తుడిచి చేతిలో పెట్టింది. ఆ రోజు నుంచి దానమ్మకి ఒకటే దిగులు పట్టుకుంది. ఎనిమిదో క్లాసు ప్యాసయ్యి టీచరు ట్రైనింగుకి వెళ్ళేలోగా ఇంకో ఏడాది ఉంది. అప్పటికి అమ్మ అన్న మాట నోటికి తిరుగుతుందా అని.

ఆశ్రమంలో పని రోజూ గంట ప్రకారం నడిచేది. ఐదింటికి లేవడం, ప్రార్థన, గంజి, నూతి దగ్గర వంతులు, బడి, బెండపాదులకి నీళ్ళు, మళ్ళీ ప్రార్థన. శనివారం పొద్దున్న ఉత్తరాలు. ఒక్కొక్క పిల్లకి ఆ దేశంలో ఒక్కొక్క పోషకురాలు ఉండేది. మేష్టారు నల్లబల్ల మీద ఉత్తరం రాసిపెడితే నలభై ఇద్దరూ దించుకునేవారు. 'నేను క్షేమము. మీరు క్షేమమని తలంచుచున్నాను. నాకు తల్లి లేని లోటు మీరు తీర్చుచున్నారు.' ఈ మూడో వాక్యం రాస్తూ పిల్లలు కిటికీలోంచి చూస్తే, లేని తల్లులు గేటు బయట చెట్టు నీడన కూర్చుని తవుడు ధరల గురించి మాట్లాడుకుంటూ కనిపించేవారు.

పెద్దదొరసాని గారు ఈ దేశం వచ్చి ఇరవై రెండేళ్ళయింది. ఆవిడకి తెలుగు బాగా వచ్చు. పప్పులో ఉప్పు ఎక్కువైతే వంటావిడని తెలుగులో కడిగేసేవారు. రిజిస్టరు దగ్గరకి వచ్చేసరికి మాత్రం ఆవిడకి తెలుగు అక్షరం ముక్క వచ్చేది కాదు.

ఆ యేడు వేసవిలో దానమ్మ పోషకురాలు ఎడిత్ దొరసాని నుంచి ఉత్తరం వచ్చింది. పెద్దదొరసాని గారు అందరి ముందూ చదివి తెలుగులో చెప్పారు. 'దానమ్మ తల్లి సమాధి మీద ఒక రాయి కూడా లేదేమో అని తలచుకుంటే నాకు నిద్ర పట్టడం లేదు. ఓడ మీద వస్తున్నాను. రాయి నేనే చెక్కించి తెస్తున్నాను.'

ఆ రోజు నుంచి నిద్ర పట్టకపోవడం మేష్టారి వంతయింది. రెండు రోజులు సమాధుల దొడ్డి చుట్టూ తిరిగి, మూల నున్న మట్టిదిబ్బ ఒకటి ఎంచుకున్నారు. అది పాత కాపలాదారు యాకోబుది. బతికుండగా ఎవరికీ అడ్డురాని మనిషి, ఇప్పుడూ అడ్డురాడని మేష్టారి నమ్మకం. శనివారం సత్తెమ్మ చీపురుకట్టలు దింపుతుంటే దగ్గరకి వెళ్ళారు. దానమ్మ పక్కనే ఉంది.

"సత్తెమ్మా, గురువారం వచ్చి కాస్త గడ్డి చెక్కాలి. సమాధి దగ్గర."

"ఎవరిదండీ?"

మేష్టారు కొబ్బరి మట్టల వైపు చూశారు. "నీదే."

సత్తెమ్మ కట్ట కింద పెట్టింది. "నేనెప్పుడు పోయేనండీ?"

"మూడేళ్ళయింది. రిజిస్టరులో ఉంది."

"ఆయ్. ఎంత మేర చెక్కమంటారండీ?"

మేష్టారు కొలత చెప్పి వెళ్ళిపోయారు. దానమ్మకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చి ముక్కు ఎర్రబడింది.

"ఎందుకే ఆ మొహం? నీ పరీక్ష అయ్యేదాకా చచ్చిపోయే ఉంటాను. అయ్యేక లేస్తాను," అంది సత్తెమ్మ. "నువ్వు మాత్రం పిచ్చి మాటలేం అనకు. అన్నం పెట్టి చదువు చెప్తున్నారు."

గురువారం ఎడిత్ దొరసాని నర్సాపురంలో రైలు దిగి, రేవు దాటి, సఖినేటిపల్లి నుంచి జట్కాలో వచ్చింది. వెనక ఎడ్లబండి మీద ఒక చెక్కపెట్టె. లావుపాటి మనిషి, కందిపోయిన ముఖం, మంచి కళ్ళు. పిల్లలందరికీ తన చేతులతో అల్లిన ఉన్ని మేజోళ్ళు తెచ్చింది. రోహిణి ఎండలో నలభై ఇద్దరు పిల్లలు మోకాళ్ళ దాకా ఉన్ని తొడుక్కుని, ఇసకలో నిలబడి, స్వాగత గీతం పాడారు. రెండో చరణంలో ఒక పిల్ల కళ్ళు తిరిగి పడిపోయింది. ఆనందం పట్టలేక అని మేష్టారు ఇంగ్లీషులో చెప్పారు.

"మా దేశంలో నా స్నేహితురాళ్ళు ముగ్గురు పోషకులు. వాళ్ళకొచ్చే ఉత్తరాలూ నాకొచ్చే ఉత్తరాలూ ఒకటే. ఈ పిల్లలందరిదీ ఒకే మనసు," అని ఆవిడ మెచ్చుకుంది. పెద్దదొరసాని గారు దగ్గారు.

తరవాత అందరూ సమాధుల దొడ్డికి నడిచారు. దిబ్బ శుభ్రంగా చెక్కి ఉంది. దాని తల దగ్గర, పెట్టెలోంచి తీసి నిలబెట్టిన తెల్ల చలవరాయి పలక, దాని మీద లోతుగా చెక్కిన అక్షరాలు. సత్తెమ్మ, ప్రియమైన తల్లి, ఇక్కడ నిద్రించుచున్నది. పది అడుగుల అవతల ప్రియమైన తల్లి గడ్డి చెక్కే పార చేత్తో పట్టుకుని, నుదుటి చెమట భుజంతో తుడుచుకుంటూ నిలబడి ఉంది. మిగిలిన గడ్డి తీయడం ఇంకా అవలేదు.

ఎడిత్ దొరసాని మోకాళ్ళ మీద కూర్చుని యాకోబు కోసం వెక్కివెక్కి ఏడ్చింది. పిల్లల్లో ఒకరిద్దరు పైటలు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఎడిత్ దొరసాని లేచి, దానమ్మ భుజం మీద చెయ్యి వేసి ఏదో అడిగింది.

"మీ అమ్మ గురించి ఒక మాట చెప్పమంటున్నారు. నేర్పింది చెప్పు," అన్నారు మేష్టారు.

నేర్పింది ఐదు వాక్యాలు. దానమ్మకి కంఠతా వచ్చు. 'మా అమ్మ పరలోకమందున్నది' అన్నది మొదటిది. క్లాసులో పాఠం అడిగితేనే గొంతు పెగలని పిల్ల దానమ్మ. ఇప్పుడు నలభై మంది చూస్తున్నారు. తల్లి అటునుంచి కళ్ళతో చెప్పేయమంటోంది. దానమ్మ నోరు తెరిచింది. మొదటి వాక్యం రాలేదు. ఈ ఒక్కటీ అనేస్తే ఇక ఆ మాట తనకి ఎప్పటికీ తిరిగి రాదనిపించింది.

"మా అమ్మ అదిగోనండి," అంది, వేలు చూపించి. "గడ్డి చెక్కుతోంది."

మేష్టారు కళ్ళజోడు సర్దుకున్నారు. అదే దయ ముఖంలోకి వచ్చింది. ఇంగ్లీషులో గబగబా చెప్పారు. దానమ్మకి రెండేళ్ళ ఇంగ్లీషే అయినా అర్థమైంది. ఈ కూలి మనిషిని చూస్తే పిల్లకి చచ్చిపోయిన తల్లి గుర్తొస్తోందట.

దానమ్మ పెద్దదొరసాని గారి వంక చూసింది. ఆవిడ విన్నారు. పప్పులో ఉప్పు తెలిసిన ఆవిడకి ఇది తెలియకపోవడం ఏమిటి? ఆవిడ గొడుగు పిడి వంక చూస్తూ నిలబడ్డారు. దానికేదో గీత పడినట్టు వేలితో రుద్దారు.

ఎడిత్ దొరసాని మళ్ళీ ఏడుస్తూ వెళ్ళి సత్తెమ్మని కావలించుకుంది.

"ఊరుకోండమ్మా, ఊరుకోండి," అంది సత్తెమ్మ, ఆవిడ వీపు తడుతూ. "పోయినోళ్ళ కోసం ఇంత ఏడిస్తే ఎలాగండీ. ఇంకా ఎండలో తిరగాలి."

రెండు రోజులుండి, వెళ్ళేటప్పుడు ఎడిత్ దొరసాని దానమ్మకి తన చిరునామా రాసిన కవర్లు ఒక డజను ఇచ్చింది. ఇకనించి నెలనెలా తన సొంత మాటల్లో, సొంత ఇంగ్లీషులో రాయాలని, తప్పులున్నా ఎవరూ దిద్దకూడదని మరీ మరీ చెప్పింది.

మర్నాడు దానమ్మని ఆఫీసు గదిలోకి పిలిచారు. పెద్దదొరసాని గారు కుర్చీలో, మేష్టారు పక్కన నిలబడి.

"నువ్వు నన్ను చాలా బాధపెట్టావు, దానమ్మా," అన్నారు పెద్దదొరసాని గారు. "ఇక్కడ ఎవరూ అబద్ధం చెప్పరు. కొన్ని విషయాలు చెప్పకుండా ఉంటాము. అంతే. నీలాంటి పిల్లని ఇంటికి పంపించేయాలి."

"పంపించేయాలండి," అన్నారు మేష్టారు.

దానమ్మ కాళ్ళ వంక చూసుకుంది. మాట చాలా సన్నగా వచ్చింది. "అలాగేనండి. ఎడిత్ దొరసాని గారికి ఈ నెల ఉత్తరం రాయాలండి. ఇంటికి ఎందుకు వెళ్ళేనంటే ఏమని రాయమంటారండి?"

బెదిరించాలని ఆ పిల్ల అనుకోలేదు. నిజంగానే తెలియక అడిగింది. మేష్టారు జేబురుమాలు తీశారు. అప్పుడు తెలిసింది దానమ్మకి, తానేమడిగిందో.

"ఇంటికెందుకు పంపుతామమ్మా," అన్నారు పెద్దదొరసాని గారు. "మందలించాము. నువ్వు ఆ మనిషి గురించి ఏమీ రాయవద్దు."

"ఆయ్. రాయనండి. శనివారం వచ్చినప్పుడు అమ్మా అని పిలవచ్చాండీ?"

ఆవిడ కిటికీలోంచి బయటకి చూశారు. "పిలువు."

"మెల్లగా పిలువు," అన్నారు మేష్టారు.

రిజిస్టరులో మాత్రం 'లేదు' అలాగే ఉండిపోయింది. దాన్ని దిద్దితే మిగతా ముప్ఫై మందినీ లేపాలి.

ఈలోగా యాకోబు కొడుకు వచ్చి గొడవ పెట్టాడు. "మా నాన్న నెత్తి మీద ఆడమనిషి పేరేంటండీ మేష్టారూ? ఊళ్ళో తలెత్తుకోలేకపోతన్నాను." రాయి పీకించి వంటింటి గోడకి చేరేశారు. పారేద్దామంటే దేవుడికి భయం, ఉంచుదామంటే చూసేవాళ్ళకి భయం.

శనివారం సత్తెమ్మ చీపుర్లతో వచ్చింది. దానమ్మ గేటు దాకా పరిగెత్తి, "అమ్మా," అంది. మెల్లగా అనలేదు. చెట్టు కింద కూర్చున్న పిన్నులందరూ ఒక్కసారి తలలెత్తి చూశారు. సత్తెమ్మ కట్ట దింపుకోవడం మరిచిపోయి అలాగే నిలబడింది.

"మేష్టారూ," అంది కాసేపటికి, వంటింటి వైపు చూస్తూ. "ఆ రాయి నా పేరు మీద వచ్చిందే కదండీ? నాకిచ్చేయండి."

మేష్టారు ప్రాణం లేచొచ్చినట్టు, "పట్టుకుపో, పట్టుకుపో," అన్నారు. తానే చెయ్యి వేసి తలకెత్తారు.

తొలకరికి సెలవులిచ్చారు. అనాథలకి ఇల్లుండదు గనక అంతవరకూ దానమ్మ సెలవులకి ఇంటికి వెళ్ళలేదు. ఈసారి అడిగితే ఎవరూ కాదనలేదు. వెళ్ళేసరికి గుడిసె ముందంతా బురద. గుమ్మం దగ్గర తెల్లగా చలవరాయి. సత్తెమ్మ దాని మీద నిలబడి చెంబుతో కాళ్ళు కడుక్కుంటోంది.

"అక్షరాలు కిందకి తిప్పుదామా అమ్మా?" అంది దానమ్మ.

"ఎందుకే, పైకే ఉండనీ," అంది సత్తెమ్మ. "కాలు జారదు."