మెంతుల గిన్నెలో ఇరవై ముఖాలు

నేను ఒక పాచికను. పాచిక అనగానే జూదం గుర్తొచ్చి ముఖం చిట్లించకండి. డబ్బు పెట్టి నన్నెవరూ ఆడలేదు. వైకుంఠపాళీ మీద దొర్లే ఆరు ముఖాల తెల్లపాచికను కూడా కాను. నాకు ఇరవై ముఖాలు. మనుషులకు అంతకంటే ఎక్కువే ఉంటాయని తరవాత తెలిసింది గానీ, వాళ్ళ ముఖాల మీద అంకెలుండవు, అదీ ఇబ్బంది.

నేను పుట్టింది ఏదో చలిదేశపు కార్ఖానాలో. వంకాయరంగు ప్లాస్టిక్కును కరిగించి అచ్చులో పోశారు. చల్లారాక ఒక అట్టపెట్టెలో, సన్నటి నియమాల పుస్తకం పక్కన పడేశారు. అంకెలు గాట్లుగా చెక్కారే గానీ వాటికి రంగు వేయలేదు. కొనుక్కున్నవాళ్ళే వేసుకోవాలట. ఓడలో మెకానిక్కుగా పనిచేసే ఒకాయన ఇదేదో చిన్నపిల్లల ఆట అనుకుని నన్ను కొన్నాడు. విశాఖపట్నం రేవులో దిగి, ఉక్కునగరం క్వార్టర్లలో ఉండే అక్కగారి చేతిలో పెట్టాడు. ఆవిడ పేరు హైమవతి.

హైమవతి బి.ఏ. చదివింది. పెళ్ళయ్యాక ఆ చదువుకి పచారీ పొట్లాల కాగితాలు విప్పి చదవడం తప్ప పెద్దగా పని దొరకలేదు. అందుకని ఆ నియమాల పుస్తకాన్ని, పొయ్యి మీద పెసరట్టు మాడిపోతున్నా తెలియనంత శ్రద్ధగా చదివింది. నా అంకెలు కనబడక, అత్తగారి తాంబూలపు పెట్టెలోంచి గోటితో కాస్త సున్నం తీసి గాట్లలో నింపింది. అత్తగారిని అడగలేదు. అడిగి ఉంటే నా చరిత్ర అక్కడితో సమాప్తం.

ఆట సంగతి కొంచెం చెప్పాలి. ఒకరు కథ నడుపుతారు. మిగతావాళ్ళు ఆ కథలో తలో మనిషి అవుతారు. హైమవతి నడిపే కథలో ఎదురింటి నూకరత్నం 'పిల్లి' అనే దొంగ. పక్క క్వార్టరు మెర్సీ వైద్యురాలు. నూకరత్నం కోటగోడ దూకుతానంటే సరిపోదు, నన్ను విసరాలి. పెద్ద అంకె పడితే దూకినట్టు, చిన్నది పడితే నడుం విరిగినట్టు. సాహసాలు చేసిన కొద్దీ మనిషి మెట్టు మెట్టుగా పైకెళ్తుంది. మెట్టు పెరిగినా, మంచి ఆయుధం దొరికినా, నేను చూపిన అంకెకి మరికొంత కలుపుకోవచ్చు. ఈ కలుపుకోవడం అన్న మాట కాస్త గుర్తుంచుకోండి.

మధ్యాహ్నం భోజనాలై, గిన్నెలు బోర్లించాక మొదలయ్యేది మా రాజ్యం. వంటింటి గచ్చు మీద ఒక స్టీలు కంచం, చుట్టూ ముగ్గురు ఆడవాళ్ళు. నేను కంచంలో పడి టంగుటంగుమని గంతులేస్తుంటే ముగ్గురూ ఊపిరి బిగబట్టి చూసేవారు. అంత గౌరవం నాకు ఆ తరవాత ఎన్నడూ దక్కలేదు.

ఆ చప్పుడుకే ఒకరోజు అత్తగారు అన్నపూర్ణమ్మ నిద్రలేచి వచ్చింది. "ఏమిటర్రా ఆ మోత?" అని అడిగి, విని, గోడకి చేరబడి కూర్చుంది. "నాకూ ఒక మనిషినివ్వు. వంట చేసే మనిషి మాత్రం వద్దు" అంది. అలా పుట్టింది నాగులమ్మ అనే ఖడ్గధారిణి.

నాగులమ్మ మొదటి గుహలో అడుగు పెట్టగానే అన్నపూర్ణమ్మ నన్ను విసిరింది. నేను మూడు చూపించాను. నియమం ప్రకారం గోతిలో పడాలి. హైమవతి నోరు తెరవబోయి అత్తగారి ముఖంలోకి చూసింది. సాంబారులో ఉప్పు తగ్గినప్పుడు అన్నపూర్ణమ్మ ఏమీ అనేది కాదు, ఒక చూపు చూసేది. ఆ చూపే అది.

"కంచం వంకరగా ఉన్నట్టుంది అత్తయ్యగారూ, మళ్ళీ వెయ్యండి."

కంచానికి ఏ వంకరా లేదు. దాని తలకాయ మీదే రోజూ పడేవాణ్ణి నేను, నాకు తెలుసు. కానీ ఆ రోజు నుంచి అన్నపూర్ణమ్మ విసిరితే చాలు, కంచం వంగేది, ఫ్యాను గాలి తగిలేది, గుమ్మంలో పిల్లి అడ్డొచ్చేది. గుహలో పెట్టె తెరిస్తే మెర్సీకి కషాయాల బుడ్డి, అన్నపూర్ణమ్మకి మెరుపుకత్తి. ఇంకో పెట్టె తెరిస్తే నూకరత్నానికి తాడు, అన్నపూర్ణమ్మకి బంగారు కవచం. ఆ తరవాత చావును ఆపే ఉంగరం. ఆ తరవాత, హైమవతికి ఇంకేమీ తోచక, ఎగిరే పడవ.

మామిడికాయల కాలం వెళ్ళి వానలు పట్టేసరికి నూకరత్నం, మెర్సీ ఆరో మెట్టు మీద ఉన్నారు. నాగులమ్మ ముప్పై ఒకటో మెట్టెక్కింది. నేను రెండు చూపినా పందొమ్మిది చూపినా దానికి నలభై కలుపుతారు. ఇక నన్ను విసరడమెందుకు? మర్యాద కోసం. పెళ్ళిలో ముసలాయన్ని పిలిచి కుర్చీలో కూర్చోబెట్టినట్టు.

హైమవతి తిప్పలు హైమవతివి. నాగులమ్మకి సాటి రాగల రాక్షసుణ్ణి తెస్తే వాడు తుమ్మితే మిగతా ఇద్దరూ పోతారు. ఆ ఇద్దరికీ తగిన రాక్షసుణ్ణి తెస్తే నాగులమ్మ కళ్ళెర్రజేసేసరికి వాడు బూడిద. మధ్యస్థంగా ఎవణ్ణీ తయారు చేయలేకపోయింది పాపం. మెర్సీ ఆటలో కూర్చుని చింతపండు గింజలు తీసేది. నూకరత్నం చిక్కుళ్ళు ఒలిచేది. ఇంటి పనులు మాత్రం చక్కగా జరిగాయి.

ఒకరోజు ఇద్దరూ రాలేదు. నూకరత్నానికి సంత ఉందట, మెర్సీకి కుట్టుపని ఉందట. మర్నాడూ అంతే. అన్నపూర్ణమ్మ కంచం ముందు కూర్చుని గుమ్మం వైపు చూస్తూ ఉండిపోయింది. ఆ గంట కోసం ఆవిడ పగటినిద్ర మానేసిందని, పొద్దున్నే నాగులమ్మ ఏం చేయాలో పూలు కోస్తూ తనలో తనే అనుకునేదని నాకు తెలుసు. చివరికి నన్ను కొంగున ముడి వేసుకుని, వాళ్ళని స్వయంగా పిలుచుకొద్దామని బయల్దేరింది.

నూకరత్నం ఇంటి వరండాలో మాటలు వినబడి ఆగింది. కొంగుముడిలోంచి నాకూ వినబడ్డాయి.

"మనం ఆడతన్నామా మెర్సీ, పిన్నిగారి పల్లకీ మోస్తన్నామా? నాను తాలం తియ్యడానికి సెయ్యెత్తేలోపు ఆయమ్మ గోడే కూలగొట్టేస్తాది. ఇంకెందుకు దొంగ?"

"నాకు మాత్రం ఏం పనక్కా? ఎవరికైనా దెబ్బ తగిలితేగా వైద్యం! ఆ కథలో ఎవరికీ జలుబు కూడా చెయ్యడం లేదు."

"ఆడది రాజ్జెం ఏలితే బాగుంటాదనుకున్నాను. ఇదేటి, అక్కడా అత్తగారే!"

ఇద్దరూ నవ్వుకున్నారు. అన్నపూర్ణమ్మ నవ్వలేదు. కోపగించుకోనూ లేదు. ముడిలో నన్ను గట్టిగా పట్టుకుని వెనక్కి తిరిగింది.

మర్నాడు ఆవిడ జంతికలు వండి, ఇద్దరినీ కబురుపెట్టి మరీ రప్పించింది. కంచం ముందు పెట్టి కోడలి వైపు తిరిగింది.

"హైమా, ఈ ఆటలో నేనెన్నిసార్లు ఓడాను?"

హైమవతి జంతిక ముక్క కేసి చూసింది.

"ఒక్కసారీ ఓడలేదు కదూ? నేనంత గొప్పదాన్నా?"

"అది కాదు అత్తయ్యగారూ..."

"నా కత్తి తప్పిందంటే నిన్ను తిట్టానా ఎప్పుడైనా?"

"తిట్టలేదు." హైమవతి నెమ్మదిగా అంది. "చూశారు."

"చూశానా?"

"ఇదిగో, ఇప్పుడు చూస్తున్నారే, అలాగ."

నూకరత్నం కొంగు నోట్లో కుక్కుకుంది. అన్నపూర్ణమ్మ ఆ చూపుని ఎక్కడ పెట్టాలో తెలియక కాసేపు కిటికీ మీద పెట్టింది. "సరే, నా ముఖం అంతే. మా అమ్మ ముఖమూ అంతే. కథ చెప్పు. వీళ్ళిద్దరూ నన్నొదిలి పోకుండా ఉండే కథ చెప్పు."

హైమవతి ఆలోచించింది. కథ మొదలుపెట్టింది. లోయ మీద తాళ్ళ వంతెన. కింద వరదనది. వైద్యురాలూ, పిల్లీ దాటేశారు. నాగులమ్మ ఈ ఒడ్డున ఉంది. బంగారు కవచంతో అడుగు పెడితే తాళ్ళు తెగుతాయి.

"విప్పేస్తాను" అంది అన్నపూర్ణమ్మ.

"కత్తి కూడా బరువే."

"ఇక్కడే వదిలేస్తాను. ఉంగరమూ తీసేస్తాను. ఆ పడవ సంగతి ఎత్తకు, దాన్ని మొన్ననే అమ్మేశాననుకో."

"సామాను తీసేసినా మెట్లుంటాయి అత్తయ్యగారూ. ముప్పై ఒకటో మెట్టు..."

"ఏమీ కలపకు."

అన్నపూర్ణమ్మ నన్ను రెండు చేతుల్లో గలగలలాడించింది. చాలాకాలం తరవాత ముగ్గురూ ఊపిరి బిగబట్టడం విన్నాను. ఏ అంకె పడాలని కోరుకున్నానో అడగకండి. పాచికలకి కోరికలుంటాయి గానీ అధికారం ఉండదు. కంచంలో పడ్డాను, గంతులేశాను, అంచుకి తగిలి వెనక్కొచ్చాను, ఆగాను.

రెండు.

హైమవతి నోరు దానంతటదే తెరుచుకుంది. "కంచం కొంచెం..."

అన్నపూర్ణమ్మ కంచం మీద చెయ్యి వేసింది. "కంచం శుభ్రంగా ఉంది. రెండుకి రెండే. చెప్పు, ఏమైంది?"

"కాలు జారింది" అంది హైమవతి. "నాగులమ్మ నదిలో పడిపోయింది."

"ఓలమ్మో! నాను దూకుతాను!" నూకరత్నం చిక్కుళ్ళ చాట తన్నేసి ముందుకొచ్చింది. "నా తాడుంది కదా! మొదట్నించీ మోస్తన్నాను దాన్ని!" నన్ను లాక్కుని విసిరింది. పదిహేడు. పిల్లి నదిలోకి దూకి నాగులమ్మ జుట్టు పట్టి ఒడ్డుకి లాగింది.

"కాలు విరిగిందా? విరిగిందని చెప్పండక్కా, ప్లీజ్!" మెర్సీ మోకాళ్ళ మీద లేచింది.

"విరిగింది."

మెర్సీ కళ్ళు మూసుకుని నన్ను విసిరింది. పద్నాలుగు. కాలు అతికింది, కొంచెం వంకరగా. నాగులమ్మ ఆ తరవాత కథంతా కుంటుతూనే నడిచింది. కవచం, కత్తి, ఉంగరం అవతలి ఒడ్డునే ఉండిపోయాయి. వాటి కోసం వెనక్కి వెళ్దామని ఎవరూ అనలేదు.

"పోనీ" అంది అన్నపూర్ణమ్మ. "మోయలేక చచ్చాను." ముఖం ఎర్రబడి, జుట్టు చెదిరి, నిజంగా నదిలోంచి తేలినట్టే ఉంది. నన్ను తీసి ఆ రెండు అంకెను దగ్గరగా చూసింది. "హైమా, ఈ సున్నం నాదే కదూ?"

ఆ రోజు వంటింట్లో వినబడ్డ నవ్వు, ఉక్కు కర్మాగారం సైరన్‌ని కూడా మింగేసింది.

ఆట ముగిశాక నన్ను మళ్ళీ అట్టపెట్టెలో పెట్టనివ్వలేదు అన్నపూర్ణమ్మ. అందరికీ అందేలా ఉండాలని పోపులపెట్టెలో, మెంతుల గిన్నెలో పడేసింది. అప్పటినుంచి అదే నా ఇల్లు. ఏళ్ళు గడిచాయి. మెర్సీ వాళ్ళు బదిలీ మీద వెళ్ళారు. కుంటి నాగులమ్మ ఎన్నో కొండలెక్కింది, కొన్నిసార్లు ఓడింది, ఓడిన ప్రతిసారీ అన్నపూర్ణమ్మ ఆ కథ వీధిలో అందరికీ చెప్పుకుంది. తరవాత ఒక ఏడాది ఆవిడ కన్నుమూసింది, కంచం ముందు ఆవిడ చోటు ఖాళీ అయింది. క్వార్టరు ఖాళీ చేసేటప్పుడు హైమవతి అట్టపెట్టెని పారేసింది గానీ పోపులపెట్టెని ఒళ్ళో పెట్టుకుని తీసుకెళ్ళింది. నా మూలలు అరిగాయి. ఒంటినిండా మెంతుల చేదు. ఆ సున్నం మాత్రం రాలలేదు.

మొన్న కొత్తకోడలు లహరి పులుసు పోపు వేస్తూ నన్ను గరిటెతో బయటికి తీసింది. "ఇదేంటత్తయ్యా మెంతుల్లో!" అంది. హైమవతి చెప్పింది. లహరి నవ్వింది. "నేనూ ఆడతాను, ఫోన్లో. మా ఆటలో నా మనిషి తొంభయ్యో లెవెల్లో ఉంది తెలుసా?"

"తొంభై ఎక్కాక ఏం చేస్తావు?"

లహరి గరిటె పట్టుకుని ఆలోచించింది. "ఏముంది, ఊరికే తిరుగుతాను. బోరే."

ఆ మధ్యాహ్నం గిన్నెలు బోర్లించాక ఎదురెదురుగా కూర్చున్నారు ఇద్దరూ. ఈసారి కథ నడిపేది కోడలు. మధ్యలో అదే స్టీలు కంచం. హైమవతి నన్ను గలగలలాడించి విసిరింది. నేను మూడు చూపించాను. లహరి చటుక్కున అత్తగారి ముఖంలోకి చూసింది.

"కంచం కొంచెం వంగినట్టుందత్తయ్యా. మళ్ళీ వెయ్యండి."

హైమవతి కంచం మీద చెయ్యి వేసింది. కాసేపు అలాగే ఉంచింది.

"కంచం బాగానే ఉందమ్మా. చెప్పు, ఏమైంది?"

అత్తగారి మనిషి గోతిలో పడిందని చెప్పింది లహరి, భయంభయంగా. ఎవరూ ఏమీ కలపలేదు.