పోసమ్ బుగ్గ మీది చుక్క

వైటూకే భూతం వచ్చిపడుతుందని లోకమంతా హడలిపోయింది. అది కాస్తా రాకపోయేసరికి కిట్టు కోడింగ్ ఉద్యోగం ఊడింది. ఒకందుకు మంచిదే అయింది. బ్రిస్బేన్‌లో వీడియో గేములు తయారుచేసే ఓ చిన్న కంపెనీలో బొమ్మలు గీసే పని దొరికింది. కాకపోతే శుక్రవారానికల్లా గేము హీరో పోసమ్‌కి, అంటే అక్కడి చెట్ల మీద తిరిగే పిల్లంత జంతువుకి, ఒక రూపం ఖాయం చేయాలి. చేయలేకపోతే మళ్లీ కోడింగే గతి.

అమ్మకి కావలసిందీ అదేనేమోనని కిట్టు అనుమానం. వాళ్లుండే సన్నీబ్యాంక్ పేటలో డాక్టరు ఉదయలక్ష్మి అంటే పెద్ద పేరు. కొడుకు బొమ్మల్ని మాత్రం ఆవిడ ఏనాడూ బాగున్నాయనలేదు, బాగాలేవనీ అనలేదు. చూసి "తిన్నావా?" అని అడిగేది. తిట్టినా అంత బాధ ఉండేది కాదు.

బాస్ గ్లెన్ కూడా తిట్టడు. "క్యూట్, మేట్. బట్ హూ ఈజ్ హీ?" అని స్కెచ్ వెనక్కి తోసేస్తాడు. ఎర్రటోపీ పెట్టినా, కళ్లజోడు తగిలించినా అదే ప్రశ్న.

గురువారం పొద్దుగూకే వేళ పెరట్లోంచి కేక వినబడింది.

"ఒరే కిట్టూ! ఈ వెధవ మళ్లీ నా కరివేపాకు తినేస్తోందిరా!"

అమ్మ చీపురెత్తి నిలబడి ఉంది. కంచె మీద చిరిగిన చెవితో ఒక పోసమ్, నోట్లో రెమ్మ పెట్టుకుని కొత్తల్లుడిలా దర్జాగా నములుతోంది. కిట్టు పెన్సిలు అందుకున్నాడు.

"తరమకమ్మా, జస్ట్ వన్ మినిట్!"

"చెట్టు బోడైపోతుంటే దానికి ఫోటో సెషనా?" అంది గానీ, చీపురు దించింది.

స్కెచ్ పూర్తిచేసి భోజనాల బల్ల మీదే వదిలేసి పడుకున్నాడు. తెల్లారి ఆలస్యమైందని చూడకుండానే ఫైల్లో దోపుకుని పరుగెత్తాడు.

గ్లెన్ ముందు ఫైలు తెరిచాడు. పోసమ్ బుగ్గ మీద నల్లటి చుక్క. వేలితో అద్దిన కాటుక. పసిపిల్లలకి కాటుకలేమిటని తల్లుల్ని కేకలేసే డాక్టరమ్మ, తన కరివేపాకు దొంగకే దిష్టిచుక్క పెట్టింది! చూడముచ్చటగా ఉన్నవాళ్లకే కదా ఎవరైనా ఆ చుక్క పెట్టేది.

"వాట్స్ దట్ స్పాట్?" అన్నాడు గ్లెన్.

"సారీ, అది మా అమ్మ..."

"డోంట్ యూ డేర్ రబ్ ఇట్ ఔట్! ఆ చెవి, ఆ ఆకు, ఆ స్పాట్. నౌ ఐ నో హిమ్."

పోసమ్ ఖాయమైంది. కిట్టు ఉద్యోగమూ నిలబడింది.

సాయంత్రం ఇంటికి రాగానే, "అమ్మా, నా బొమ్మకి దిష్టిచుక్క పెట్టావా?" అని అడిగాడు.

"నేనా? నాకలాంటి చాదస్తాలు లేవు. పెన్ను కారుంటుంది. తిన్నావా?" అంటూ ఆవిడ వంటింట్లోకి వెళ్లిపోయింది. కిట్టుకి నవ్వొచ్చింది, కళ్లలో నీళ్లూ తిరిగాయి.

మరుసటి వారం విలన్ వంతు. కిట్టు గీసిన తెల్ల కాకటూ చిలకని చూసి గ్లెన్ చప్పట్లు కొట్టాడు. "బ్రిలియంట్! డన్!"

కిట్టు ఆ స్కెచ్ ఇంటికి తెచ్చి భోజనాల బల్ల మీద పెట్టి పడుకున్నాడు. పొద్దున్నే లేచి చూస్తే కాకటూ బుగ్గ మీద ఏమీ లేదు.

ఒక నిట్టూర్పు విడిచి, పెన్సిలు చెక్కుకుని మళ్లీ మొదటినుంచి గీయడం మొదలుపెట్టాడు.