లేవకూడని సీను

షిఫ్టు మొదలవగానే రొయ్యల షెడ్డు తలుపుకు బయట తాళం వేస్తారు. అమ్మోనియా గొట్టం పగిలిన రోజూ వేశారు. రొయ్యలు ఒలిచే బేబీ లోపలి నుంచి తలుపు బాదీ బాదీ అక్కడే కూలిపోయింది. తాళం పగలగొట్టేసరికి ప్రాణం లేదు. అసలు తాళమే వెయ్యలేదన్నాడు కాంట్రాక్టరు జానకిరామ్. పోలీసులు తలూపారు.

అందుకే షెడ్డు ఆడవాళ్ళు సినిమా తీస్తున్నారు. పాలకొల్లు కాలేజీలో చదువు ఆపేసి రొయ్యలు ఒలుస్తున్న లావణ్య డైరెక్టరు. ఆమె ఫోనే కెమెరా, పడవ బ్యాటరీ దీపమే లైటు, వలల పాకే షెడ్డు. బేబీ తల్లి అప్పాయమ్మ వేషం అప్పాయమ్మే వేస్తోంది.

సీను చిన్నదే. కాంట్రాక్టరు వచ్చి లేవమంటాడు. ఎవరూ లేవకూడదు. అప్పాయమ్మ కూర్చునే తాళం సంగతి అడగాలి.

చేపలు పట్టే బుల్లబ్బాయి కాంట్రాక్టరు వేషం కోసం ఇస్త్రీ తెల్లచొక్కా తొడుక్కుని లోపలికొచ్చాడు. అంతే, అందరూ లేచి కొంగులు సర్దుకున్నారు.

"కట్! ఎందుకు లేచారత్తా? వచ్చింది మన బుల్లబ్బాయి మావయ్యే కదా!" అంది లావణ్య.

"చొక్కా చూసి లేచిపోయామే," అంది అప్పాయమ్మ.

మళ్ళీ తీశారు, మళ్ళీ లేచారు. బుల్లబ్బాయికి నవ్వొచ్చింది. అప్పాయమ్మకు ఏడుపొచ్చింది. కూతురి చావుకు కారణమైనవాడి చొక్కాకు మర్యాద చేసే ఈ మోకాళ్ళు ఎవరివి? తలుపు తాళమైతే పగలగొట్టారు, ఒంట్లోని ఈ తాళాన్నెలా పగలగొట్టాలి?

"చేతులు పట్టుకోండి. లేచేవాళ్ళని పక్కవాళ్ళు కిందకి లాగండి," అంది లావణ్య.

పొద్దు వాలేసరికి సీను కుదిరే దారిలో పడింది. సరిగ్గా అప్పుడే అసలు జానకిరామ్ ఎస్సైని వెంటబెట్టుకొచ్చి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. పాకకు ఇంకో దారి లేదు.

"ఏంటే ఈ వేషాలు? లేవండి! లేవకపోతే రేపట్నించి ఒక్కదానికీ పనుండదు!"

అప్పాయమ్మ మోకాళ్ళు కదిలాయి. అటు నుంచీ ఇటు నుంచీ చేతులు ఆమెను కిందకి లాగాయి.

"తాళం ఎవరేశారండి?" అంది, కూర్చునే.

జానకిరామ్ ఎస్సై వైపు చూశాడు. ఎస్సై లావణ్య చేతిలోని ఫోను లాక్కుని ఆమెను జీపు వైపు ఈడ్చాడు. ఆ పిల్ల వెనక్కి తిరిగి అరిచింది: "నేనింకా కట్ చెప్పలేదు!"

మర్నాడు పొద్దున షెడ్డు సైరన్ మోగింది. గేటుకు అడ్డంగా ఆడవాళ్ళంతా చేతులు పట్టుకుని కూర్చున్నారు. పక్కన తెల్లచొక్కాలోనే బుల్లబ్బాయి. కారులోంచి జానకిరామ్ హారన్ మీద హారన్ కొడుతున్నాడు.

"ఎంత కొట్టినా అంతేనండి," అంది అప్పాయమ్మ. "మా డైరెక్టరు వచ్చి కట్ చెప్పేదాకా మేం లేవం."