పైపు అడుగున ఆరు నెలలు

నేను ఒక ఉక్కు పలకను. చూపుడువేలంత పొడవు, ఒక చివర చిన్న రంధ్రం. తరిగిపోవడమే నా ఉద్యోగం. సముద్రం అడుగున గ్యాసు మోసే పైపును ఏ ఉక్కుతో చేశారో నన్నూ దానితోనే చేశారు. నన్ను తూచి, పైపులో కొన్నాళ్లు ఉంచి, బయటికి తీసి మళ్లీ తూస్తారు. నేను తగ్గినదాన్ని బట్టి పైపును తుప్పు ఎంత తింటోందో అంచనా వేస్తారు. తమ బరువు చెప్పడానికి మొహమాటపడే మనుషులు నా బరువు మాత్రం మిల్లీగ్రాములతో సహా రాసుకుంటారు.

కాకినాడ తీరానికి దూరంగా, సముద్రం మధ్య ఉన్న గ్యాసు తీసే ప్లాట్‌ఫాం మీద నన్ను బిగించినవాడు ధనరాజు. అప్పటికి అతనికి పెళ్లయి మూడు వారాలు. నన్ను ఒట్టి చేత్తో తాకకూడదు. నన్ను కొరకడానికి చెమటలోని ఉప్పు చాలు. అది అతనికి తెలుసు. కానీ పనిలో ఉంగరం ఉండకూడదన్న రూలు గుర్తొచ్చి గ్లవ్ తీశాడు. పెళ్లి ఉంగరం ఊడదీసి, దాన్ని చూసి నవ్వుకుని, జేబులో వేసుకున్నాడు. ఆ నవ్వులోనే గ్లవ్ మర్చిపోయి నన్ను పట్టుకున్నాడు. రంధ్రం పక్కన బొటనవేలు వెచ్చగా తగిలింది. నిజం చెప్పొద్దూ, నాకు బాగానే ఉంది.

"అయ్యబాబోయ్!" అని నాలిక్కరుచుకుని, గబగబా తుడిచి, గ్లవ్ తొడుక్కుని, నన్నూ నా జంట పలకనూ పైపు అడుగుకు దించాడు.

అక్కడ ఆరు నెలలు హాయిగా గడిచాయి. పైన గ్యాసు ఈల వేస్తూ పోయేది. అడుగున సన్నటి నీటి చార పారేది. నా కింది చివర అందులో తడుస్తూ ఉండేది.

తర్వాత ఒడ్డున ఉన్న ల్యాబ్‌కు వచ్చాను. ధనరాజు భార్య హైమ అక్కడ కెమిస్టు. పసిపాపకు నలుగు పెట్టినంత ఓపికగా నా తుప్పు కడిగి తూచింది. తగ్గింది చాలా కొంచెం. మేనేజరు కామేశం గారు సంబరపడిపోయారు.

"ఇంకేవమ్మా! రిస్కు తక్కువని రాసెయ్. తనిఖీ నాలుగేళ్ల తర్వాత చూసుకుందాం."

"ఉండండి సార్. కింది చివర చిన్న గుంట ఉందండి, బాగా లోతుగా. అంతా బాగున్నా పైపుకి ఒక్కచోట చిల్లు పడితే చాలు కదండీ."

సెలవు మీద వచ్చి, భార్య కోసం గుమ్మంలో నిలబడ్డ ధనరాజు ముఖం వాడిపోయింది.

"అది నా వల్లేనండి. గ్లవ్ లేకుండా పట్టేసుకున్నాను."

"అదిగో! పెళ్లికొడుకు వేలి మహిమ!" కామేశం గారు పకపకా నవ్వారు. "దీనికోసం తనిఖీ పెట్టమంటావా అమ్మాయ్?"

హైమ నవ్వలేదు. గుంట వేలి వల్లయితే భర్తకు నాలుగు చీవాట్లతో పోతుంది. కాకపోతే, వేటపడవలు తిరిగే నీళ్ల కింద, భర్త పనిచేసే ప్లాట్‌ఫాం పక్కనే, పైపు చిల్లుపడబోతోంది.

"ఎక్కడ పట్టుకున్నారు?"

"ఇదిగో, రంధ్రం పక్కన."

మైక్రోస్కోపులో చూసింది. అక్కడ వేలిముద్ర మరక ఉంది, అంతే. గుంట రెండో చివర ఉంది. అప్పుడు నా జంట పలకను కూడా కడిగి చూసింది. దానికీ అదే చివర, అలాంటి గుంటే.

"మరి దీన్నెవరు పట్టుకున్నారండీ?"

కామేశం గారు కళ్లజోడు పెట్టుకుని మైక్రోస్కోపు మీదికి వంగారు. అడుగున చేరే నీరే పైపును తింటోందని తేలింది. నాలుగేళ్ల తర్వాత అనుకున్న తనిఖీ రెండు నెలలకే ముందుకు జరిగింది.

పైపు లోపల ప్రయాణిస్తూ గోడ మందం కొలిచే యంత్రాన్ని పిగ్ అంటారు. పేర్లు పెట్టడంలో మనుషులకు మర్యాద తక్కువే గానీ, అది పనిమంతురాలు. ప్లాట్‌ఫాంకు కాస్త దూరంలో, పైపు పల్లంగా ఉన్నచోట, గోడ సగానికి పైగా పోయిందని చెప్పింది. డైవర్లు దిగి చుట్టూ ఉక్కు పట్టీ బిగించారు. ఒక్క గ్యాసు బుడగ కూడా పైకి రాలేదు.

పని తీరిన పలకల్ని తుక్కులో వేస్తారు. నన్ను మాత్రం హైమ అడిగి తీసుకుంది. ఇప్పుడు నా రంధ్రంలో వాళ్ల అద్దె ఇంటి తాళంచెవి వేలాడుతోంది. సాయంత్రం తలుపు తీసేటప్పుడు ఆవిడ తన బొటనవేలిని సరిగ్గా ఆ పాత మరక మీద ఆనిస్తుంది. వెచ్చగా ఉంటుంది. ఇప్పుడు గ్లవ్ వేసుకోమని ఎవరూ అనరు.